జమా–ఖర్చు: పెంకుటిల్లు సర్దించాలా, దింపి నేయించాలా, మార్చేయాలా?

ఈ శీర్షికలో ఇంతవరకు డిపాజిట్లు, నామినేషన్లు, ఇన్సూరెన్సు కాగితాలు వంటివే రాస్తూ వచ్చాను. ఈసారి కాస్త తలెత్తి ఇంటి కప్పు వైపు చూద్దాం. కిందటి వానాకాలంలో సంఘం సమావేశానికి వచ్చిన ముగ్గురు నలుగురు మిత్రులు ఒకే ప్రశ్న అడిగారు. "మా నాన్న కట్టిన పెంకుటిల్లు కారుతోందండీ. విరిగిన పెంకులు మార్చి సర్దించాలా, మొత్తం దింపి మళ్ళీ నేయించాలా, ఈ బాధంతా ఎందుకని స్లాబు వేసేయాలా?" అని.

వాళ్ళకు నిలబడ్డ చోట జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే అదే ప్రశ్న మా ఇంట్లో నాలుగేళ్ళు నలిగింది. అన్నదమ్ముల మధ్య ఫోన్లు తగ్గేదాకా వచ్చింది. చివరికి ఒక దారి పట్టి రెండు వానాకాలాలు చూశాను కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను. నేను ఇంజనీరును కాను, బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. కాబట్టి ఇందులో లెక్క నాది, పనితనం మా మేస్త్రీది, అసలు తెలివి మా అమ్మది.

మా ఇల్లు బాబుపేట్‌లో, రైలు పట్టాలకు మరీ దూరం కాదు. నాన్న కరీంనగర్ వైపు నుంచి బొగ్గు గని పనికి చాందాకు వచ్చారు. 1964లో ఊరి పేరు చంద్రపూర్ అయినా మా పెద్దలకు అది చాందాయే. 1973లో గనులు జాతీయం అయ్యాక జీతం నిలకడ మీద పడి, మరుసటి ఏడు ఇల్లు కట్టారు. మట్టి అడుసుతో ఇటుక గోడలు, టేకు వాసాలు, పైన బెంగుళూరు పెంకు. రెండు గదులు, వసారా, పక్కన కలిపి కట్టిన వంటిల్లు. ఇక్కడ పుట్టిన మా పిల్లలకు పెంకు అంటే అర్థం కాదు, కవేలు అనాలి.

ఈ పెంకు కథ చిన్నది కాదు. బాసెల్ మిషన్ తరఫున జర్మనీ నుంచి వచ్చిన ప్లెబ్స్ట్ అనే ఆయన 1860ల్లో మంగళూరులో మొదటి ఫ్యాక్టరీ పెట్టాడు. కుమ్మరి సారె మీద చేసిన గూన పెంకు వరుసలుగా ఒకదాని మీద ఒకటి బోర్లించినది. ఇది మరలో అచ్చు పోసినది, ఒక పెంకు గాడి ఇంకో పెంకు గాడిలో కూర్చుంటుంది. అందుకే తక్కువ పెంకులతో ఎక్కువ జాగా కప్పుతుంది. మనవాళ్ళు దాన్ని బెంగుళూరు పెంకు అన్నారు, మంగళూరు పెంకు అన్నారు. బాగా కాలిన పెంకు మనిషి ఆయుష్షును మించి బతుకుతుంది. ముందు పోయేది దాని కింది కర్ర. ఈ ఒక్క ముక్క నాకు ముందే తెలిసి ఉంటే నాలుగేళ్ళు వృథా అయ్యేవి కావు.

నా తప్పు

2019లో మొదటిసారి బాగా కారినప్పుడు నేను చేసిన పని చెబుతాను, మీరు చేయకండి. ఒక మనిషిని పిలిచి కొప్పు పెంకుల మీద మందంగా సిమెంటు మెత్తించాను. లోపల పెంకుకు, రీపర్లకు మధ్య ప్లాస్టిక్ పట్టా పరిపించాను. ఒక ఏడాది సుఖంగానే ఉంది. ఆ తరువాత చంద్రపూర్ ఎండకు సిమెంటు బీటలు వారింది. మే నెలలో 46, 47 డిగ్రీలు చూసే ఊరు మాది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, సిమెంటు ఒక లెక్కా? బీటల్లోంచి దిగిన నీళ్ళు పట్టా మీద నిలిచాయి. ఆరే దారి లేదు. గాలి ఆడితే యాభై ఏళ్ళు నిలిచే కర్ర, చెమ్మలో మూడేళ్ళకే మెత్తబడింది. అంటే చిల్లు పూడ్చబోయి రోగాన్ని లోపలికి పంపాను.

అప్పటి నుంచి ఇంట్లో రెండు పార్టీలు. పుణేలో ఉండే తమ్ముడు, "అన్నా, అతుకులు వేసుకుంటూ ఎన్నాళ్ళు? ఒక్కసారి స్లాబు పోస్తే మనం బతికినన్నాళ్ళు చూడక్కర్లేదు. పైన ఇంకో అంతస్తు వేస్తే అద్దె వస్తుంది" అన్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ అమ్మ, "నేనున్నన్ని దినాలు ఈ ఇంటికి గడ్డపార తగలనియ్య" అంది. నేను మధ్యలో వాయిదాలు వేస్తూ కూర్చున్నాను. వాయిదా వేయడం కూడా ఒక నిర్ణయమే, అన్నిటికన్నా ఖరీదైన నిర్ణయం.

అమ్మ గిన్నెల లెక్క

2023 వానాకాలంలో ఒక రాత్రి నేను బాబుపేట్‌లోనే ఉన్నాను. వాన మొదలవగానే అమ్మ దీపం కూడా వేయకుండా ఏడు గిన్నెలు ఏడు చోట్ల పెట్టేసింది. ఎక్కడ పెట్టాలో ఆమెకు కంఠతా వచ్చు. "ఎట్ల తెలుస్తదే నీకు?" అన్నాను. "కొడుకా, వాన నిలువుగ పడితె ఈ నాలుగు గిన్నెలు. పడమటి గాలి గొడితె ఆ మూడు. రెండూ ఒక్కటి గావు" అంది.

మర్నాడు ఆ మాటే మేస్త్రీకి చెప్పాను. ఆయన మరాఠీ మాట్లాడే ముసలి వడ్రంగి, పెంకుటిళ్ళ మీదే తల నెరిసినవాడు. విని నవ్వి, "సగం పని మీ అమ్మ చేసిపెట్టింది" అన్నాడు. నిలువు వానకు కారితే పెంకు పగిలిందన్నా అనుకోవాలి, రెండు వాలులు కలిసే చోట రేకు చిల్లు పడిందన్నా అనుకోవాలి. గాలి వానకు మాత్రమే కారితే కప్పు వాలు కుంగి పెంకుల మధ్య సందు తెరుచుకుందని, లేదా గోడకు కప్పుకు మధ్య జాగా ఏర్పడిందని అర్థం. ఇంకొకటి కూడా చెప్పాడు. చుక్క పడే చోట చిల్లు ఉండదు. నీరు రీపరు వెంట జారి ఎక్కడో పడుతుంది. కాబట్టి చుక్క నుంచి వాలు పైకి వెతకాలి.

ఎక్కి చూస్తే నిజమే. నాలుగు గిన్నెలకూ మూలం ఒక్కటే. అసలింటి కప్పూ వంటింటి కప్పూ కలిసే చోట వేసిన రేకు తుప్పు పట్టి, దాని మీద వేపాకు కుళ్ళి అడ్డు పడింది. మిగతా మూడూ పడమటి చూరువి.

దేన్ని పరీక్షించాలి?

ఆయన చేయించిన పరీక్షలు నాలుగు. ఖర్చు లేనివి, ఎవరైనా చేయవచ్చు.

మొదటిది దారం. కొప్పు ఈ చివర నుంచి ఆ చివరకు దారం లాగి కట్టి చూడాలి. దారానికీ కొప్పుకూ మధ్య నడుమ నాలుగు వేళ్ళు పట్టే సందు ఉంటే కప్పు కుంగినట్టు. మాది రెండు వేళ్ళు.

రెండోది స్క్రూడ్రైవరు. ప్రతి వాసాన్నీ, ముఖ్యంగా గోడలో దిగే కొసను, చూరు కొసను పొడిచి చూడాలి. చెదలు, పుచ్చు మొదలయ్యేది అక్కడే. మొన దిగకపోతే కర్ర గట్టిది. మా ఇంటికి నాన్న తెచ్చింది ఆలాపల్లి అడవి టేకు. పడమటి వైపు మూడు వాసాల కొసలు, వంటింటి కప్పు కర్రంతా పోయాయి. మిగిలింది ఉక్కులా ఉంది. ఆ మాట చెబితే అమ్మ, "మీ నాయిన ఒక్కొక్క కర్రను ఏరి తెచ్చిండు మరి" అంది, నన్ను అప్పుడెందుకు అడగలేదన్నట్టు.

మూడోది పెంకు. వేలితో కొడితే ఖంగుమనాలి. బొంగురుగా పలికితే లోపల పగులుంది. పొరలు రాలుతుంటే తీసేయాలి. అనుమానం ఉన్నవాటిని బాగా ఎండబెట్టి తూచి, ఒక పగలూ రాత్రీ నీళ్ళలో ఉంచి మళ్ళీ తూచండి. తన బరువులో ఐదో వంతుకు మించి నీళ్ళు తాగిందంటే ఆ పెంకు వద్దు. మా ఇంటికి మొత్తం 1,140 పెంకులు. పగిలినవి 96, పొరలు రాలినవి 130. మిగిలిన 914 ఇంకా పనికొచ్చేవే.

నాలుగోది గోడ. పగుళ్ళున్నాయా, బయటికి ఒరిగిందా అని దారానికి రాయి కట్టి వేలాడదీసి చూడాలి. మన పక్క నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బిగుస్తుంది. గోడ కదలడానికి అదొక్కటి చాలు. ఈ పరీక్ష మాత్రం నేను తేలిగ్గా తీసుకున్నాను. ఆ సంగతి చివర చెబుతాను.

నాలుగు అంచనాలు

ఇక నాకు తెలిసిన పని, లెక్క. 2024 మొదట్లో మా ఇంటికి నాలుగు అంచనాలు వేయించాను. ఇవి మా ఇంటి అంకెలు. మీ ఊళ్ళో వేరుగా ఉంటాయి, పోలిక కోసం మాత్రమే ఇస్తున్నాను. పైపైన సర్దించి విరిగినవి మార్చడానికి 46,000. మొత్తం దింపి, కర్ర బాగుచేసి మళ్ళీ నేయడానికి 1,35,000. ఇనుప చట్రం మీద రేకులు వేయడానికి 1,90,000. స్లాబుకు 13 లక్షలు.

స్లాబుకు ఇంత తేడా ఎందుకని తమ్ముడు అడిగాడు. జవాబు బరువులో ఉంది. పెంకూ కర్రా కలిపి నూరు చదరపు అడుగుల కప్పు ఐదారు క్వింటాళ్ళు తూగుతుంది. నాలుగంగుళాల స్లాబు అదే జాగాకు దాదాపు 23 క్వింటాళ్ళు. మట్టి అడుసు గోడ ఆ బరువును మోయలేదు. కాబట్టి స్తంభాలు, పునాది కొత్తగా రావాలి. అంటే స్లాబు వేయడమంటే కప్పు మార్చడం కాదు, ఇల్లు మార్చడం. ఎవరైనా మేస్త్రీ "పాత గోడల మీదే స్లాబు పోసేద్దాం" అంటే ఇంజనీరుకు చూపించనిదే ఒప్పుకోకండి. అది డబ్బు మాట కాదు, ప్రాణం మాట.

రేకుల సంగతి. బరువు తక్కువ, పని త్వరగా అవుతుంది. కానీ మన ఎండకు ఇనుప రేకు కింద పగలు కూర్చోలేం, వానకు మాట వినపడదు, గట్టిగా బిగించకపోతే గాలికి లేస్తుంది. సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటే దాని దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, అన్ని రకాల ఆస్‌బెస్టాస్ క్యాన్సరుకు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఇప్పటికే వేసి ఉన్నవారు వాటిని కోయడం, తొలచడం, పగలగొట్టడం చేయించకండి.

ఇప్పుడు కామర్స్ విద్యార్థిగా నా లెక్క. దింపి నేయిస్తే చివరికి 1,52,000 అయింది. అంచనాను మించని ఇంటి పనిని నేనింకా చూడలేదు. పదిహేనేళ్ళు వస్తుందనుకుని, ఏటా వానకు ముందు సర్దించడానికి 4,000 కలిపితే ఏడాదికి సుమారు 14,000. స్లాబు 13 లక్షలు నలభై ఏళ్ళకు పంచితే ఏడాదికి 32,500. అది కూడా సొంత డబ్బయితే. తొమ్మిది శాతానికి అప్పు తీస్తే మొదటి ఏడాది వడ్డీయే 1,17,000. ఒక్క ఏడాది వడ్డీ మా పని ఖర్చులో మూడు వంతులు. ఆదాయపు పన్ను మినహాయింపు ఉందిగా అనేవారికి ఒక మాట. సొంతంగా ఉండే ఇంటి మరమ్మతు అప్పు వడ్డీకి పాత పద్ధతిలో ఏడాదికి 30,000 వరకే మినహాయింపు, కొత్త పద్ధతిలో అదీ లేదు.

అయితే స్లాబు ఎప్పుడూ తప్పు అనడం లేదు. తమ్ముడు చెప్పిన అద్దె కూడా లెక్కలోకి వస్తుంది. కొడుకూ కోడలూ వచ్చి ఉంటారు, గదులు చాలవు అన్నప్పుడు అది ఖర్చు కాదు, పెట్టుబడి. ఆ దారిన వెళ్ళేవారికి కూడా పాత పెంకు పనికొస్తుంది. కేరళలో ఎన్నో ఇళ్ళు కట్టిన లారీ బేకర్ స్లాబు మధ్యలో పాత పెంకులు పొదిగి కాంక్రీటు ఆదా చేసేవారు. వేడి కూడా కాస్త తగ్గుతుంది.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడితో ఇవన్నీ చెబితే, అక్కడా ఇదే తగువట. వాళ్ళ కప్పుల మీద తారు పూసి రాతి పలుకులు అద్దిన పలకలుంటాయి. ఇరవై, ముప్పై ఏళ్ళకు పలుకులు రాలి, అంచులు ముడుచుకుంటాయి. ఒక పక్క మాత్రమే పాడైతే మరమ్మతు, అంతటా రాలితే మార్పు, కింది చెక్క మెత్తబడితే చెక్క కూడా మార్పు. దేశం వేరయినా సూత్రం ఒకటే. పైన కనిపించేదాన్ని బట్టి కాదు, మోసేదాన్ని బట్టి నిర్ణయించాలి.

అక్క అన్న మాట

లెక్క తేలినా తగువు తేలలేదు. తమ్ముడు, "నేనెందుకు డబ్బివ్వాలి? రేపు పడగొట్టే ఇంటికి" అన్నాడు. బల్లార్షా నుంచి వచ్చిన అక్క అంతసేపూ విని, "మీరు కప్పు గురించి కొట్లాడటం లేదురా. అమ్మ తరువాత ఇల్లు ఎవరిదని కొట్లాడుతున్నారు. ఆ మాట అమ్మ ముందర అనలేక పెంకుల మీద పెడుతున్నారు" అంది. ఎవరమూ మాట్లాడలేదు.

ఆ సాయంత్రం ఒక నోటు పుస్తకంలో మూడు వాక్యాలు రాసుకున్నాం. అమ్మ ఉన్నంతకాలం ఈ ఇల్లు ఆమె ఇష్ట ప్రకారం ఉంటుంది. కప్పుకు ఎవరెంత పెట్టినా అది అమ్మ కోసం పెట్టినది, వాటాలో కలపకూడదు. ఆ తరువాత ఏం చేయాలన్నది ముగ్గురం కూర్చుని తేల్చుకుంటాం. నలుగురం సంతకాలు పెట్టాం, అమ్మ కూడా పెట్టింది. ఇది దస్తావేజు కాదు. వీలునామా, పంపకం వంటివి వకీలును అడిగి రాయించుకోవలసినవే. కానీ ఆ కాగితం తరువాత తమ్ముడు తన వంతు అడగకుండానే పంపాడు. కప్పు ప్రశ్నను ఆస్తి ప్రశ్న నుంచి విడదీయండి. విడదీస్తే కప్పు ప్రశ్న అరగంటలో తేలుతుంది.

2024లో హోలీ తరువాత పని మొదలుపెట్టి, ఉగాది నాటికి ముగించాం. పాత పెంకు దింపేటప్పుడే మంచివీ చెడ్డవీ వేరు చేశాం. తక్కువపడినవి కూల్చిన ఇంటి నుంచి కొన్నాం. ఒక ఫ్యాక్టరీ గాడి ఇంకో ఫ్యాక్టరీ పెంకుకు సరిగా కూర్చోదు కాబట్టి మా పెంకొకటి చేతపట్టుకుని వెళ్ళి జత చూసి తెచ్చాం. తెచ్చినవి ముందువైపు కలపకుండా వెనక వాలుకే వేశాం. నా సిమెంటూ, నా ప్లాస్టిక్కూ పోయాయి. వంటింటికి కొత్త కర్ర, రెండు వాలుల మధ్య కొత్త రేకు, కొప్పుకు సున్నం ఎక్కువ కలిపిన అడుసు.

ఊళ్ళో ఇల్లు తాళం వేసి పరాయి ప్రాంతాల్లో ఉన్నవారికి ఒక సలహా. పెంకుటింటికి శత్రువు వాన కాదు, చూసేవారు లేకపోవడం. కోతి ఒక పెంకు జరిపితే, మనిషి ఉన్న ఇంట్లో ఆ రోజే తెలుస్తుంది. తాళమున్న ఇంట్లో వాసం విరిగాక తెలుస్తుంది. మృగశిర కార్తెకు నెల ముందు ఒక మనిషిని ఎక్కించి ఆకు తీయించి, విరిగినవి మార్పించే ఏర్పాటు చేసుకోండి. ఇంట్లో యాభై పెంకులు ఒక మూల పేర్చి ఉంచుకోండి.

చివరిగా, మొదట దాటేసిన గోడ సంగతి. 2024 జూన్‌లో తొలి వాన పడ్డ రాత్రి అమ్మ అలవాటుగా ఏడు గిన్నెలూ పెట్టింది. ఆరు పొడిగా ఉన్నాయి. పడమటి గోడ దగ్గరి ఏడోదానిలో నీళ్ళున్నాయి. మేస్త్రీ చూసి, "కప్పుది కాదు, గోడ జరిగింది" అన్నాడు. పగులుకు అడ్డంగా చిన్న సిమెంటు బిళ్ళ అతికించి దాని మీద తేదీ రాశాడు. బిళ్ళ చిట్లితే గోడ ఇంకా కదులుతున్నట్టు, చిట్లకపోతే నిలిచినట్టు. చిట్లిన రోజు మేము నోటు పుస్తకంలోని మూడో వాక్యం దగ్గరికి రావాలి. రెండు వానాకాలాలు గడిచాయి, బిళ్ళ ఇంకా అలాగే ఉంది. బాబుపేట్ వెళ్ళినప్పుడల్లా చెప్పులు విప్పి ముందు దాన్నే చూస్తాను. అమ్మ మాత్రం దాని కింద గిన్నె పెట్టడం మానలేదు.

మీ ఇంటి కప్పు సంగతులు కూడా రాయండి. ముఖ్యంగా గిన్నెలు ఎక్కడెక్కడ పెడుతున్నారో రాయండి. వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.